పురిటింట్లో చిల్లంగి

మంత్రసాని అన్న మాటలోనే మంత్రం ఉంది. ఏలూరులో మిడ్‌వైఫ్ పని నేర్చుకుని, పరీక్ష ప్యాసయి, నల్ల తోలుసంచి పట్టుకుని మొదటి ఉద్యోగానికి బయలుదేరిన రోజున ఆ సంగతి నాకు తట్టలేదు. కొల్లేటి జనానికి మాత్రం బాగా తెలుసు.

ఈ మధ్య కొత్తగా నర్సు పనిలో చేరిన అమ్మాయిలు కొందరు మా ఇంటికి వచ్చి, మీ రోజుల్లో జనం చేతబడులూ అవీ నమ్మేవారటగా అని నవ్వుతూ అడిగారు. నమ్మినవాళ్ళలో మా ఆసుపత్రి వాళ్ళు కూడా ఉన్నారని చెబితే వాళ్ళ నవ్వు ఆగింది. అందుకని ఒక్క సంగతి మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. పేర్లు మాత్రం చెప్పను. ఆ మనుషుల పిల్లలూ మనవలూ ఇంకా ఆ ఊళ్ళలోనే ఉన్నారు.

పంతొమ్మిది వందల ముప్పైలలో మాట. గణపవరానికీ కొల్లేటికీ మధ్య ఒక ఊళ్ళో చిన్న డిస్పెన్సరీ ఉండేది. అందులో నాకు ఉద్యోగం. డాక్టరుగారు సంతరోజున వచ్చి రోగుల్ని చూసి వెళ్ళిపోయేవారు. మిగతా రోజుల్లో నేనూ, మందులు కలిపే కాంపౌండరూ ఉండేవాళ్ళం. ఆయనకి నలభై దాటాయి. ఉతికిన చొక్కా, దువ్విన తల, సీసా మీద చీటీ వంకర లేకుండా అంటించే చెయ్యి. ఆ చొక్కా కింద ఒక తాయెత్తు. పొద్దున్నే వచ్చి తన కుర్చీ కింద వంగి చూసిగాని కూర్చునేవాడు కాదు. అంతకుముందు తాడేపల్లిగూడెంలో పనిచేస్తుండగా ఒకసారి అక్కడి కుర్చీ కింద కుంకుమ పూసిన నిమ్మకాయ కనపడిందట. ఆ నెలలోనే ఈ కొల్లేటి ఒడ్డుకి బదిలీ అయిందట. అది ఎవరు పెట్టించారో కూడా ఆయన చెప్పగలడు. అడిగితే మాత్రం గోడల వంక చూసి ఊరుకునేవాడు.

పరాయి ఇళ్ళలో తాంబూలం పుచ్చుకునేవాడు కాదు. గోళ్ళు తీసుకుంటే ఆ ముక్కల్ని కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకుపోయేవాడు. రోగులు మందుసీసా ఆయన మొహం ముందు పెట్టి, "ఒకసారి ఊదివ్వండి బాబుగారూ" అంటే ఊదేవాడు. ఇదేం పనండీ అని నేనంటే, "వాళ్ళ తృప్తి వాళ్ళదండి, ఊదినందుకు మందు చెడిపోదు కదండీ" అనేవాడు.

నన్ను కూడా అనుమానించేవాడు. ఏలూరు నుంచి ఒంటరిగా వచ్చిన ఆడది, దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు ఉండ చుట్టి పొయ్యిలో వేస్తోందంటే ఏదో తెలిసే వేస్తోందని ఆయన లెక్క. పేల కోసమని నేను చెప్పాను. నిజానికి మా అమ్మ చెప్పింది కాబట్టి వేసేదాన్ని. ఎందుకు వెయ్యాలో మా అమ్మ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక కొల్లేటి మధ్యనున్న ఒక లంక నుంచి ఒక గర్భిణి కడుపునొప్పి అని వచ్చింది. ఆ లంకలో చేపలు పట్టేవాళ్ళకి పెద్దగా ఉన్నాయన కోడలు. అత్తగారు వెంట వచ్చి వరండాలో కూర్చుంది. నొప్పి ఎక్కడమ్మా అంటే కోడలు చెప్పదు. మందు ఇస్తే పుచ్చుకోదు. కాంపౌండరు లోపలి గదిలోకి వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరికి జరిగింది.

"మా లంకలో చిల్లంగి పడిందండి," అంది గొంతు తగ్గించి. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు. "వానలు మొదలైన కాణ్నించి పుట్టిన బిడ్డ నిలవట్లేదండి. పుట్టినప్పుడు బాగానే ఉంటన్నారండి. పాలు తాగుతారండి. వారం తిరక్కుండా నోరు బిగుసుకుపోద్దండి. ఏడవరండి. ఏడుద్దామని చూస్తారు, గొంతు రాదండి. ఒళ్ళంతా విల్లులాగా వంగిపోద్దండి."

అది ధనుర్వాతమని వింటుంటేనే తెలిసిపోయింది. పేడలోనూ, పశువులు తిరిగే మట్టిలోనూ ఉండే పురుగు బొడ్డు కోసినచోట నుంచి లోపలికి పోతే వస్తుందని మాకు ఆసుపత్రిలో నేర్పారు. వచ్చాక బిడ్డ దక్కడం చాలా అరుదు.

"ఎవరు చేశారంటున్నారు?" అని అడిగాను.

"పురుళ్ళు పోసే మామ్మేనండి. అందరిళ్ళలోనూ ముందు చెయ్యేసింది ఆవిడే కదండీ. తాడేపల్లిగూడెం నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించేరండి. అమావాస్య పొద్దున్న ఆవిడ ముందుపళ్ళు పీకేస్తారంటండి. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదు కదండీ." అంతవరకూ చెప్పి నా చెయ్యి పట్టుకుంది. "నాకు నెలలు నిండొస్తన్నాయండి. ఆవిడ్ని పిలవాలన్నా భయమే, పిలవకపోయినా భయమేనండి."

వరండాలోంచి అత్తగారు పిలిచింది. అమ్మాయి కడుపు పట్టుకుని మూలుగుతూ బయటికి వెళ్ళింది.

కొల్లేటి ఒడ్డున ఉన్న మునసబుగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. అది వాళ్ళ కులంలో తగవమ్మా, మనం దూరకూడదు అన్నారు ఆయన. డాక్టరుగారు వచ్చే సంతరోజు అమావాస్యకి తరవాత పడింది. లంకలకి ఒంటరిగా వెళ్ళవద్దని ఆయన ఆజ్ఞ ఉండనే ఉంది. కాంపౌండరుని రమ్మన్నాను. తాయెత్తు ఒకసారి తడుముకుని, సరేనన్నాడు.

తాటిదోనెలో వెళ్ళాం. కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య నుంచి దారి. లంక ఒడ్డున ఆడుకుంటున్న పిల్లల్ని మమ్మల్ని చూడగానే తల్లులు రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. ఏ గుమ్మం దగ్గరికి వెళ్ళినా మర్యాదే. "రండమ్మగారూ, ఎండన పడొచ్చేరు, మజ్జిగ పుచ్చుకోండి" అంటారు. గుమ్మానికి అడ్డంగా నిలబడే అంటారు. పెద్దగారి ఇల్లాలి చూపు నా సంచి మీదే ఉంది.

"అందులో ఏముంటాయండి?"

తెరిచి చూపించాను. కత్తెర, దారం, దూది, మందునీళ్ళ సీసా. ఆవిడ వంగి చూసింది గాని వేలు కూడా తగలనివ్వలేదు.

"మా కోడలికి నొప్పి తగ్గిపోయిందండి. మీరు మళ్ళీ రానవసరం లేదండి," అంది ఎంతో మెత్తగా.

మంత్రసాని గుడిసె లంక చివర పశువుల పాక పక్కన ఉంది. ముసలావిడ గుమ్మంలో వల అల్లుతోంది. సన్నటి మనిషి. చేతులు మాత్రం పెద్దవి. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మీరొచ్చింది నా పని చూడ్డానికాండి, నా పళ్ళు చూడ్డానికాండి?" అంది.

"మాట్లాడ్డానికి వచ్చాను మామ్మా."

"మీరొస్తే నా పని పోద్దని నాకు తెలుసండి. ఇప్పుడు పనితో పాటు పళ్ళు కూడా పోతన్నాయి. ఈ లంకలో మీసాలు మెలేసే మొగాళ్ళందరూ ఈ చేతుల్లో పడ్డోళ్ళేనండి. ఇప్పుడు ఆళ్ళే పటకారు తెస్తన్నారు."

నేను అక్కడే కూర్చున్నాను. వల అల్లడం ఆపలేదు ఆవిడ. పురుడు ఎలా పోస్తారో చెప్పమని అడిగితే మొదట చెప్పలేదు. దాన్ని పట్టుకుని ఆవిడ మీద ఏం రాసి పంపుతానో అని అనుమానం. కాసేపటికి తన పని గురించి చెప్పుకోవాలన్న కోరిక గెలిచింది. బిడ్డ అడ్డం తిరిగితే ఎలా సర్దుతుందో, మాయ పడకపోతే ఏం చేస్తుందో అన్నీ చెప్పింది.

"బొడ్డు దేనితో కోస్తారు?"

"ఇదివరకైతే వెదురుబద్దండి. పురుడు పురుడుకీ కొత్త బద్ద చీల్చుకునేదాన్ని. పోయినేడు నించీ సర్కారు కత్తెరండి."

లేచి, పశువుల పాక చూరులో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన కత్తెర తీసి నా చేతిలో పెట్టింది. తళతళలాడుతోంది. రెండు అలుగులూ కలిసేచోట మేకు ఊడిపోతే ఎవరో ఇత్తడి తీగతో బిగించారు.

"దీన్ని కాయమన్నారండి. కాచేనండి. నాలుగైదు పురుళ్ళయ్యేసరికి తుప్పట్టిందండి. తుప్పినుము పురిటింట్లోకి తీసుకెళ్ళకూడదు కదండీ. అందుకని వానలప్పటి నించీ కాయడం మానేసి పచ్చి పేడతో తోమి, బూడిద రాసి, లక్ష్మి ఉండే చోట దాస్తన్నానండి. ఒక్కనాడు కూడా అశుద్ధంగా ముట్టుకోలేదండి."

తల ఎత్తి చూస్తే గుమ్మం దగ్గర కాంపౌండరు ఆ ఇత్తడి తీగనే చూస్తున్నాడు.

తిరుగు దారిలో లంక కనుమరుగయ్యాక అడిగాను.

"ఆ తీగ చుట్టింది నేనేనండి," అన్నాడు.

నేను రాకముందు ఏడాది, ఆరోగ్యంగా ఉన్న బిడ్డలకి బహుమతులిచ్చే శిశువుల ప్రదర్శన అని ఒకటి జరిపారట. వెదురుబద్దలతో బొడ్డు కోయకూడదని మంత్రసానులకి ఉపన్యాసం చెప్పించారు. ఇంకెక్కడెక్కడో ఇచ్చినట్టే మనమూ కత్తెరలు బహుమతిగా ఇద్దామని, మూల పడి ఉన్న పాత కత్తెరల్ని ఈయనే సానబట్టి, బాగుచేసి, చప్పట్ల మధ్య పంచిపెట్టాడు.

"కాయమని చెప్పేనండి. అందరి ముందూ చెప్పేను."

"కాచాక తుడిచి, నూనె రాయకపోతే తుప్పు పడుతుందని చెప్పారా?"

"రేపు అమావాస్యనాడు కత్తెర సంగతి ఎత్తకండి," అన్నాడు. "నా ఉద్యోగం కోసం అంటన్నాననుకోకండి. అది కూడా ఉందనుకోండి. కాని ఆలోచించండి. బిడ్డల్ని చంపింది ఆసుపత్రి కత్తెర అని తెలిస్తే ఇక ఏ లంకలోనైనా మిమ్మల్ని పురిటింట్లోకి రానిస్తారాండి? మీ సంచిలో ఉన్నదీ కత్తెరే కదా."

మనిషి మీద అనుమానంతో విన్నాను గాని మాట మాత్రం నిజం. అదొక్కటే కాదు. కత్తెర పేరు చెబితే, అది పట్టుకున్న చెయ్యి ఎవరిదని అడుగుతారు. ముసలావిడని కాపాడ్డానికి నా దగ్గర ఉన్న నిజం ఆవిడ మీదికే తిరిగేది. ఏమీ చెప్పకపోతే పటకారు ఉండనే ఉంది. దోనె ఒడ్డుకి తగిలేదాకా ఎటూ తేల్చుకోలేకపోయాను. మర్నాటికి కూడా తేలలేదు. వెళ్ళాలని మాత్రం తేలింది.

అమావాస్య పొద్దున్న మేం వెళ్ళేసరికి వలలు ఆరేసే దిబ్బ మీద లంకంతా కూడి ఉంది. ముసలావిడ మధ్యలో నేల మీద కూర్చుని పైటచెంగుతో నోరు కప్పుకుంది. అరిటాకులో పటకారు ఉంది. దాని పక్కన మొదటి కొడుకుని పోగొట్టుకున్న ఒక పడుచు తండ్రి కూర్చుని ఉన్నాడు. వేరే ఎవరైనా ఆ పటకారు ముట్టుకుంటారేమోనన్నట్టు దాని మీదే చూపు.

భూతవైద్యుడు నేననుకున్నట్టు లేడు. జడలూ లేవు, ఎముకలూ లేవు. కోటు, కళ్ళజోడు, చేతికి గడియారం. గూడెంలో మోటారు బస్సు ఎక్కి, ఆ తరవాత పడవలో వచ్చాడట. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు.

"చదువుకున్నవారు, మీకు తెలియంది కాదు నర్సుగారూ. వైర్‌లెస్సు ఉంది కదండీ. మద్రాసులో మాట్లాడితే ఎక్కడో వినపడుతుంది. మధ్యలో తీగ ఉందా? లేదు. మంత్రమూ అంతేనండి," అన్నాడు.

ముసలావిడ గుడిసెలో దొరికిందని ఒక చిన్న ముంత అందరికీ చూపించాడు. అందులో ఎండిపోయిన బొడ్డుకొసలు. ఆడవాళ్ళందరూ ఒక్కసారి గొంతులోనే మూలిగారు. రాలిన బొడ్డుకొసని తాయెత్తులో పెట్టి బిడ్డకి కట్టడం ఆ వైపు అందరిళ్ళలోనూ ఉంది. తాయెత్తు కట్టించడానికి వాటిని ఆవిడకి ఇచ్చింది అక్కడున్న తల్లులే. ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఒక్కొక్క మొహమే చూశాను. నా చూపు పడగానే తలలు వంగిపోయాయి.

నేను ముందుకి వెళ్ళాను.

"కూర్చోండమ్మగారూ, ఎండగా ఉంది," అన్నారు పెద్దగారు. "ఇది మా ఇంటి విషయమండి."

"బిడ్డలు పోవడానికి కారణం నాకు తెలుసండి. చెప్పి కూర్చుంటాను."

కత్తెర తెప్పించమన్నాను. ఎలా తోమేదో, ఎక్కడ పెట్టేదో చెప్పాను. పేడలో ఉండే విషం బొడ్డులోకి ఎలా పోతుందో చెప్పాను. పటకారు దగ్గర కూర్చున్న ఆ తండ్రి లేచాడు.

"అయితే నా కొడుకుని చంపింది ఎవరండి? కత్తెరాండి, కత్తెర పట్టుకున్న చెయ్యాండి?"

అరవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను సిద్ధం చేసుకున్న జవాబు మొదలెట్టాను. రెండూ కాదు, కంటికి కనపడని పురుగు ఒకటి ఉంటుంది, అది ఒంట్లోకి దూరి మనిషిని విల్లులా వంచేస్తుంది అన్నాను. అంటుండగానే ఆ మాటలు నా చెవికే అదోలా వినపడ్డాయి.

వెనకనుంచి ఒక ముసలాయన మెల్లిగా, "అదే కదండీ చిల్లంగంటే," అన్నాడు.

భూతవైద్యుడు కళ్ళజోడు తుడుచుకుంటూ చిన్నగా నవ్వాడు.

పెద్దగారు కత్తెరని తిప్పి తిప్పి చూశారు. "ఇది మా లంకలో చేసింది కాదు. ఎక్కణ్నించి వచ్చిందండి?"

నేను ఆగిపోయాను. చెబితే ఏమవుతుందో దోనెలో విన్నాను కదా. ఆ కాస్త వ్యవధిలో నా వెనకనుంచి గొంతు వినపడింది.

"నేనిచ్చేనండి," అన్నాడు కాంపౌండరు.

ముందుకి వచ్చి మళ్ళీ అన్నాడు. "ఆసుపత్రిదండి. పాతది. నేనే బాగుచేసిచ్చేను. కాయమన్నాను గాని, తుప్పు పట్టకుండా ఎలా చూసుకోవాలో చెప్పలేదండి."

జనం కదిలారు. పటకారు ఆ తండ్రి చేతిలో ఉంది. నలుగురైదుగురు మగవాళ్ళు కాంపౌండరు చుట్టూ చేరారు. ఆయన పారిపోలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని అక్కడే నిలబడ్డాడు.

అప్పుడు ముసలావిడ నోటి మీద చెంగు తీసింది. "ఆయన కాయమనే చెప్పేడండి," అంది. "మానేసింది నేనేనండి. ఆయన్ని వదిలెయ్యండి."

అంతసేపూ తన కోసం ఒక్క మాట మాట్లాడని మనిషి మాట్లాడేసరికి వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. ఆ సందులో నేను భూతవైద్యుడి పక్కకి వెళ్ళాను.

"పళ్ళు పీకితే చిగుళ్ళు కుళ్ళి మా ఆసుపత్రికే వస్తారు," అన్నాను ఆయనకి మాత్రమే వినపడేలా. "వస్తే దగ్గరుండి చేయించింది ఎవరో డాక్టరుగారు పోలీసులకి రాసి పంపాలి. గూడెంలో మీ ఇల్లు తెలియనివాళ్ళు లేరటగా."

ఆయన గడియారం చూసుకున్నాడు. తరవాత ముసలావిడ వంకా, నోరు మూసుకున్న కాంపౌండరు వంకా చూశాడు. కత్తెర అడిగి పుచ్చుకుని, కళ్ళు మూసుకుని కాసేపు పెదాలు కదిపాడు.

"దోషం మనుషుల్లో లేదు," అన్నాడు పైకి. "ఇది సముద్రం దాటి వచ్చిన ఇనుము. చేసినచోటే దీనికి చిల్లంగి పట్టించారు. ఇచ్చినవాడికీ తెలియదు, పుచ్చుకున్నావిడకీ తెలియదు. దీన్ని నీళ్ళలో కలిపేస్తే లంకకి శాంతి."

పసుపు రాసి, తాళ్ళు చుట్టి, దోనె మీద లోతు నీళ్ళలోకి పట్టుకుపోయి వదిలేశారు. జనం విడిపోయారు. ఆ తండ్రి పటకారు అరిటాకులో తిరిగి పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

భూతవైద్యుడికి జాలి కలిగిందో, పోలీసుల భయమో, ఇంకా పెద్ద పేరు వస్తుందన్న తెలివో నాకు ఇప్పటికీ తెలియదు. పడవ ఎక్కబోతూ నా దగ్గరికి వచ్చి, "ఇనుమైతే ఎంతసేపు కాగాలండి?" అని అడిగాడు. చెప్పాను. తరవాత కొద్దిరోజులకే లంకల్లో కొత్త ఆచారం ఒకటి కనపడింది. బొడ్డు కోసే కత్తిని మరిగే నీళ్ళలో వేసి ఆయన చెప్పిన మంత్రం నూట ఎనిమిది సార్లు జపించాలట. ఆ జపం అయ్యేసరికి కత్తి సరిగ్గా కాగేది. డాక్టరుగారికి ఈ సంగతి చెబితే, దాన్ని కదపకండి అన్నారు.

కాంపౌండరు తనే అడిగి ఏలూరుకి బదిలీ చేయించుకున్నాడు. కత్తెర ఇవ్వాలన్న బుద్ధి తనకి పుట్టడం వెనక ఎవరి చేతబడో ఉందని వెళ్ళేదాకా అంటూనే ఉన్నాడు. ఆ దిబ్బ మీద ఆయన అన్న రెండు మాటల్ని మాత్రం నేను ఎవరి దగ్గరా తక్కువ చేసి చెప్పలేదు.

ముసలావిడ ఒకరోజు డిస్పెన్సరీకి వచ్చింది. రోగులందరూ వెళ్ళిపోయేదాకా కూర్చుంది.

"ఆ కత్తెర మాట నన్ను కాపాడ్డానికి పుట్టించేరు కదండీ?"

"లేదు మామ్మా. నిజమే చెప్పాను."

"అయితే నా చేతిలో ఏమీ లేదని ఒట్టేసి చెప్పండి."

మా అమ్మ మీద ఒట్టు వేశాను. ఆవిడ నా మొహంలోకి అలాగే చూసింది. "మంచి మనసుతో వేసేరు లెండి," అని లేచింది. లంకంతా ఆవిడని అనుమానించడం నేను చూశాను. ఆవిడ కూడా తనని అనుమానించుకుంటోందని అప్పుడు తెలిసింది.

ఆ తరవాత నేను వెళ్ళే పురుళ్ళకి వచ్చేది. నన్ను పిలవనివాళ్ళ చేత కూడా నన్ను పిలిపించేది. నొప్పులు పడుతున్న పిల్ల భుజాలు పట్టుకుని కూర్చునేది, నీళ్ళు కాచేది, తిట్టి ధైర్యం చెప్పేది. బిడ్డ బయటపడే వేళకి లేచి గోడ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడేది. ఎంత చెప్పినా బిడ్డని ముట్టుకునేది కాదు.

పెద్దగారి కోడలికి నెలలు నిండి ఒక పొద్దున నొప్పులు మొదలైతే నాకు కబురొచ్చింది. రానవసరం లేదన్న అత్తగారే పడవ పంపింది. ఇంట్లో ఉన్నంతసేపూ నా చేతుల మీంచి చూపు తిప్పలేదు. నా కత్తెరని తన ఇంటి గిన్నెలో, తన పొయ్యి మీద కాయించింది. జపం ఎవరో బయట చేస్తూనే ఉన్నారు. నాకు అభ్యంతరం లేదు, నీళ్ళు మరుగుతున్నాయి.

మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టాడు. బొడ్డు ముడివేసి కోశాను. పిల్లాడు ఏడవలేదు. అదే సమయానికి తల్లికి నెత్తురు ఆగకుండా పోవడం మొదలైంది. నా రెండు చేతులూ ఆమె పొత్తికడుపు మీద ఉండాలి.

"మామ్మా, పిల్లాణ్ణి పట్టుకోండి."

ఆవిడ గోడ దగ్గర్నుంచి కదల్లేదు. "నేను ముట్టుకోనండి."

"మీరు పట్టుకోకపోతే ఇద్దరూ దక్కరు."

ఆవిడ అత్తగారి వంక చూసింది. అత్తగారు అవుననలేదు, వద్దనలేదు. ముసలావిడ మరిగించి ఆరేసిన గుడ్డ తీసుకుని, దాన్ని మోచేతుల దాకా చుట్టుకుని, పిల్లాణ్ణి అందుకుంది. తలకిందులుగా వంచి, నోట్లో జిగురు తీసి, వీపు మీద నిమిరింది, చరిచింది. నేను తల్లి మీదనుంచి తల తిప్పలేకపోయాను. నా వెనక సన్నగా ఒక కీచుగొంతు లేచింది. ముందు దగ్గులా, తరవాత ఏడుపులా.

తల్లికి నెత్తురు కట్టింది. నేను చేతులు కడుక్కుని చూసేసరికి పిల్లాడు అత్తగారి ఒళ్ళో ఉన్నాడు. ముసలావిడ అక్కడ లేదు.

తరవాతి సంగతి ఆ కోడలు చెప్పింది. రోజూ పొద్దున్నే ముసలావిడ వచ్చి వాళ్ళ వాకిట్లో నిలబడేదట. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. పిల్లాడి ఏడుపు వినపడేదాకా నిలబడి, వినపడగానే వెళ్ళిపోయేదట. ఒకరోజు వాడు నిద్రపోతుంటే ఎండెక్కేదాకా అక్కడే ఉందట. చూడలేక అత్తగారే వాణ్ణి గిల్లి ఏడిపించిందట.

బిడ్డల నోరు బిగుసుకునే ఆ వారం దాటి, పురిటి రోజులు గడిచాక ఒక పొద్దున్న నేను డిస్పెన్సరీ తలుపులు తీస్తుంటే ముసలావిడ ఒక్కతే దోనె తోసుకుంటూ వచ్చింది. ఒడ్డెక్కి, ఊపిరి కూడా తీసుకోకుండా నా దగ్గరికి వచ్చింది.

"ఏడుస్తన్నాడండి," అంది. "గుక్కపట్టి ఏడుస్తన్నాడండి. పాలు తాగి, మళ్ళీ ఏడుస్తన్నాడండి."

లోపలికి రమ్మన్నాను. రాలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, వాటినే చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయింది.